రాత్రికి రాత్రే ముదిరే తుఫాను: ఒక్క రోజులో అంత బలం ఎక్కడిది?

క్లుప్తంగా: తుఫాను గాలి వేగం 24 గంటల్లో గంటకు 55 కిలోమీటర్లు, అంతకు మించి పెరిగితే దాన్ని వాతావరణ శాస్త్రవేత్తలు ‘వేగంగా బలపడటం’గా లెక్కిస్తారు. సముద్రం లోతు వరకు వేడిగా ఉండటం, పై ఎత్తులో గాలి అడ్డు తగలకపోవడం, చుట్టూ తేమ నిండి ఉండటం, కేంద్రం చిన్నగా బిగుసుకోవడం అన్నీ ఒకేసారి కుదిరితేనే ఇది జరుగుతుంది. తుఫాను ఎటు వెళ్తుందో చెప్పడం బాగా మెరుగైంది. ఎంత ముదురుతుందో చెప్పడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. ఉత్తరాంధ్ర తీరానికి అక్టోబరులో అసలు టెన్షన్ అక్కడే.

ఒకే రాత్రి, రెండు తుఫాన్లు

2025 అక్టోబరు 28 రాత్రి. మొంథా తుఫాను నరసాపురం సమీపంలో తీరం దాటుతోంది. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఫోన్లలో ఉపగ్రహ చిత్రాలు తిప్పుతూ మేలుకున్నవాళ్లకు అదే యాప్‌లో, భూగోళానికి అవతలి వైపు, ఇంకో సుడి కనిపించింది. అది మెలిస్సా హరికేన్. మన లెక్కలో అదే రాత్రి అది జమైకాను తాకింది.

మొంథా తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. మెలిస్సా గాలి గంటకు 295 కిలోమీటర్లు. అంతకు మూడు రోజుల ముందు, అక్టోబరు 25 ఉదయం, మెలిస్సా ఇంకా హరికేన్ కూడా కాదు. మర్నాటికల్లా నాలుగో కేటగిరీకి చేరింది, 27న ఐదో కేటగిరీ, అంటే హరికేన్లలో అన్నిటికంటే పై మెట్టు, అయింది. రెండూ వేడి సముద్రం మీదే పుట్టాయి. ఒకటి మామూలుగానే ఒడ్డుకు చేరింది, రెండోది చూస్తుండగానే రాక్షసిలా మారింది. ఉత్సాహం కొద్దీ తుఫాన్లను గమనించే కుర్రాళ్ల గ్రూపుల్లో ఆ వారమంతా ఒకటే ప్రశ్న తిరిగింది: అలా ఎందుకు జరుగుతుంది? మన వైపు కూడా జరుగుతుందా?

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పుకోవచ్చు. జరుగుతుంది, జరిగింది కూడా. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఉద్దానం ముంగిట్లోకే వచ్చాయి.

పేర్లు వేరు, సంగతి ఒకటే

అట్లాంటిక్‌లోనూ తూర్పు పసిఫిక్‌లోనూ హరికేన్ అంటారు, చైనా, జపాన్ వైపు టైఫూన్ అంటారు, బంగాళాఖాతంలో తుఫాను అంటాం. లోపలి యంత్రం ఒక్కటే. తేడా అంతా కొలిచే పద్ధతిలో ఉంది, గందరగోళం కూడా అక్కడే మొదలవుతుంది.

మన భారత వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను, 167 దాటితే అత్యంత తీవ్ర తుఫాను, 222 దాటితే సూపర్ సైక్లోన్. అమెరికాలో 119 దాటితే హరికేన్, ఆపైన ఒకటి నుంచి ఐదు వరకు కేటగిరీలు. ఇంకో సంగతి ఉంది. మనవాళ్లు మూడు నిమిషాల సగటు గాలిని చెబుతారు, అమెరికావాళ్లు ఒక నిమిషం సగటును చెబుతారు. తక్కువ సేపటి సగటు ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఫైలిన్‌కు మన శాఖ గంటకు 215 కిలోమీటర్లు అంటే, అమెరికా నౌకాదళ హెచ్చరిక కేంద్రం 260 అంది. ఇద్దరూ వేర్వేరు కొలబద్దలతో ఒకే తుఫానును కొలిచారు, అంతే. ‘మనవాళ్లు తగ్గించి చెబుతున్నారు’ అంటూ వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం చాలాసార్లు ఈ తేడాయే.

ఆవిరిలో దాగిన వేడి

ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి తగిలి చెయ్యి చురుక్కుమంటుంది. అదే వేడి ఉన్న పొడి గాలి తగిలితే అంతగా కాలదు. కారణం, నీరు ఆవిరి అయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా, చర్మం మీద తిరిగి నీటి చుక్కగా మారేటప్పుడు వదిలేస్తుంది. తుఫానును నడిపేది సరిగ్గా ఈ వేడే. సముద్రం మీద లేచిన ఆవిరి పైకి వెళ్లి మేఘమైనప్పుడు ఆ దాచుకున్న వేడి బయటపడుతుంది. చుట్టూ ఉన్న గాలి వేడెక్కి తేలికై ఇంకా పైకి లేస్తుంది. కింద పీడనం పడిపోతుంది. ఖాళీని నింపడానికి పక్క నుంచి గాలి పరుగెత్తుకొస్తూ, దారిలో సముద్రం నుంచి మరింత ఆవిరిని మోసుకొస్తుంది. ఎంత గాలి వీస్తే అంత ఆవిరి, ఎంత ఆవిరి లేస్తే అంత గాలి. ఇందుకు సముద్రపు పైనీరు కనీసం 26.5 డిగ్రీల వేడి ఉండాలి. అక్టోబరులో బంగాళాఖాతం మామూలుగానే 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది.

అయితే వేడి నీరు ఒక్కటే చాలదు. చాలితే ప్రతి వాయుగుండమూ పెను తుఫానే అయ్యేది. నీరు ఎంత లోతు దాకా వేడిగా ఉందన్నది అంతకంటే ముఖ్యం. ఎండాకాలం సాయంత్రం చెరువులో దిగితే పైన గోరువెచ్చగా, కాళ్ల దగ్గర చల్లగా తగులుతుంది. కాసేపు ఈత కొట్టి నీళ్లు కలియబెడితే పైన కూడా చల్లబడుతుంది. తుఫాను గాలి సముద్రాన్ని అలాగే కలియబెడుతుంది. వేడి పొర పలచగా ఉంటే కింది చల్లనీరు పైకొచ్చి, తుఫాను తన పొయ్యిని తానే ఆర్పుకుంటుంది. లోతుగా వేడి ఉంటే ఎంత కలిపినా వేడినీరే వస్తుంది. కరీబియన్ సముద్రంలో మెలిస్సా రోజుల తరబడి నత్తనడకన కదిలినా చల్లబడకపోవడానికి కారణం ఇదే.

బంగాళాఖాతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వానాకాలమంతా తెచ్చి పోసిన మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైన పొరలా పరుచుకుంటుంది. ఈ తేలిక నీటికీ కింది బరువు నీటికీ మధ్య ఒక అడ్డుగోడ లాంటిది ఏర్పడి, గాలి ఎంత కలియబెట్టినా చల్లనీటిని సులువుగా పైకి రానివ్వదు. రుతుపవనాలు వెళ్లాక వచ్చే తుఫాన్లు మన తీరానికి దగ్గరపడే కొద్దీ ముదరడంలో ఈ నదుల నీటి పాత్ర ఉందని పరిశోధకులు చెబుతారు. నాగావళి, వంశధార కూడా తమ వంతు నీరు ఆ సముద్రంలోనే కలుపుతాయి.

మూడో సంగతి పై గాలి. పొయ్యి మీద పొగ నిలువుగా లేస్తుంటే మంట నిలకడగా ఉంటుంది. పక్క నుంచి గాలి కొడితే పొగ చెదిరి మంట ఒరిగిపోతుంది. తుఫాను కూడా 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తున్న పొగగొట్టం లాంటిదే. కింద ఒక దిక్కుకు, పైన ఇంకో దిక్కుకు గాలి వీస్తే ఆ గొట్టం వంగిపోతుంది. మేఘాలు ఒక పక్కకు, కేంద్రం ఇంకో పక్కకు విడిపోతాయి. ఈ గాలి కోత తగ్గిన రోజున తుఫానుకు పగ్గాలు ఉండవు.

ఇవన్నీ కుదిరాక ఆఖరి మెట్టు కేంద్రం బిగుసుకోవడం. తొట్టి అడుగున బిరడా తీస్తే నీరు అంచుల దగ్గర మెల్లగా, రంధ్రం దగ్గరకు వచ్చే కొద్దీ గిర్రున తిరుగుతుంది. కన్ను చుట్టూ ఉండే మేఘాల గోడ 50 కిలోమీటర్ల దూరం నుంచి 20 కిలోమీటర్లకు కుదించుకుపోతే, అదే తిప్పుడు చిన్న వలయంలో పడి గాలి వేగం అమాంతం లేస్తుంది. ఇది గంటల్లో జరిగిపోతుంది. అందుకే నిన్న సాయంత్రం వార్తల్లో చెప్పిన తుఫాను వేరు, తెల్లారి గుమ్మంలోకి వచ్చిన తుఫాను వేరు అనిపిస్తుంది.

తిత్లీ నడిచిన మూడు రోజులు

2018 అక్టోబరు 8 ఉదయం తిత్లీ ఒక వాయుగుండం. 9 మధ్యాహ్నానికి తుఫాను. 10 తెల్లవారుజామున తీవ్ర తుఫాను, అదే రోజు మధ్యాహ్నానికి అతి తీవ్ర తుఫాను. 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురుగా వీచినప్పుడు 165. పేరు పెట్టిన సమయం నుంచి తలుపు తట్టేదాకా రెండు రోజులు కూడా లేదు.

గంటకు 100 కిలోమీటర్ల గాలి 150 అయితే దెబ్బ ఒకటిన్నర రెట్లు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలి తోసే ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే రెండుంపావు రెట్లు. 100 కిలోమీటర్ల గాలికి కొబ్బరి చెట్టు మట్టలు రాల్చుకుని నిలబడుతుంది. 150కి మొవ్వు విరుగుతుంది, లేదా చెట్టు వేళ్లతో సహా లేస్తుంది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో ఆ ఉదయం కొబ్బరి, జీడి, పనస తోటలు అలాగే నేలకొరిగాయి. వరి పోతే మళ్లీ ఏడాదికి పంట వస్తుంది. కొబ్బరి మొక్క నాటి కాయ చూడాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఉద్దానం రైతు తిత్లీని గాలి వేగంతో గుర్తుపెట్టుకోడు, పోయిన ఏళ్లతో లెక్కపెడతాడు.

తిత్లీ తీరం దాటాక ఆగలేదు. ఈశాన్యానికి మళ్లి ఒడిశా కొండల మీద కుండపోతగా కురిసింది. గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వాన నీరు వంశధార మీదుగా మళ్లీ శ్రీకాకుళానికే వచ్చింది. గాలి తగ్గిందని ఊపిరి పీల్చుకున్న ఊళ్లను వరద చుట్టుముట్టింది. బలం తక్కువైన తుఫానుకు కూడా ఈ రెండో దెబ్బ ఉంటుంది. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటిన గులాబ్ గాలి 75 నుంచి 85 కిలోమీటర్లే అయినా, వాన మాత్రం గట్టిగా కురిసింది.

ముందే తెలిస్తే ఒకలా, తెలియకపోతే ఒకలా

2013 అక్టోబరు 9 సాయంత్రానికి ఫైలిన్ మామూలు తుఫాను. మర్నాడు మధ్యాహ్నానికే అతి తీవ్ర తుఫాను. ఆపై ఇంకా ముదిరి, 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అయితే అది ముదిరింది నడిసముద్రంలో, తీరానికి ఇంకా రెండు రోజుల దూరంలో ఉండగా. ఆ రెండు రోజుల్లో ఒడిశా, ఆంధ్ర కలిపి దాదాపు 10 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అదే ఒడిశా తీరాన 1999 అక్టోబరు 29న సూపర్ సైక్లోన్ సుమారు 10 వేల మందిని బలి తీసుకుంది. ఫైలిన్‌లో ఆ సంఖ్య పదుల్లో ఆగింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ మెక్సికోది. 2023 అక్టోబరు 24 తెల్లవారుజామున ఓటిస్ అనే తుఫాను ఇంకా హరికేన్ స్థాయికి కూడా చేరలేదు. ఆ రాత్రి పన్నెండు దాటాక అకపుల్కో నగరాన్ని ఐదో కేటగిరీలో, గంటకు 260 కిలోమీటర్ల గాలితో కొట్టింది. కంప్యూటర్ నమూనాలేవీ అంత బలాన్ని ముందు రోజు చూపలేదు. జనం పడుకున్నది ఒక తుఫాను కబురుతో, లేచింది ఇంకో తుఫానులో. 2024 అక్టోబరులో అమెరికా వైపు వచ్చిన మిల్టన్ హరికేన్ కూడా ఒక్క రోజులో గంటకు 150 కిలోమీటర్లకు పైగా పెరిగింది. అయితే అది ముదురుతుందని ముందే అంచనా వేశారు, పైగా ఒడ్డుకు చేరడానికి ఇంకా రెండు రోజుల సమయం మిగిలింది. ఆ రెండు రోజుల్లో ఫ్లోరిడాలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

కాబట్టి తుఫాను ఎంత ముదిరిందన్న దానికంటే, ఒడ్డుకు ఎంత దూరంలో ఉండగా ముదిరిందన్నదే ప్రాణాల లెక్క తేలుస్తుంది.

ముదరనివీ ఉన్నాయి. 2021 డిసెంబరులో జవాద్ ఉత్తరాంధ్రకు వస్తుందని తీరమంతా సిద్ధమైంది. స్కూళ్లకు సెలవులిచ్చారు, రైళ్లు రద్దయ్యాయి. తీరానికి రాకముందే అది తీవ్ర వాయుగుండంగా బలహీనపడి పూరీ వైపు మళ్లింది. డిసెంబరు నాటికి తీరం దగ్గర నీటిలో అంత వేడి ఉండదు, ఉత్తరం నుంచి పొడి గాలి చొరబడుతుంది, పై గాలుల కోత పెరుగుతుంది. ‘ఊరికే భయపెట్టారు’ అని అప్పుడు చాలామంది విసుక్కున్నారు. ఆ విసుగు న్యాయం కాదు. జవాద్‌ను బలహీనపరిచిన పరిస్థితులు అటూ ఇటూ అయి ఉంటే, అదే హెచ్చరిక వేల ప్రాణాలు కాపాడి ఉండేది.

ఫోన్‌లో చూసేటప్పుడు ఏం చూడాలి

ఇప్పుడు ఇన్సాట్ ఉపగ్రహ చిత్రాలు అరగంటకోసారి ఎవరికైనా అందుతున్నాయి. రాత్రిపూట కనిపించే రంగుల చిత్రం మేఘాల తల ఎంత చల్లగా ఉందో చెబుతుంది. చల్లగా ఉందంటే ఎత్తుగా లేచిందని. కేంద్రం మీద ఆ చల్లని మేఘం చెదరకుండా గుండ్రంగా నిలిచి, దాని నడుమ ఒక వెచ్చని చుక్క కనబడితే అది కన్ను తెరుచుకుంటున్న గుర్తు. మేఘమంతా ఒక పక్కకు ఒరిగి, కేంద్రం బయటపడి కనబడితే గాలి కోత దాన్ని చీలుస్తోందని అర్థం. ఎరుపు ఎక్కువ కనిపించినంత మాత్రాన తుఫాను బలమైనది కాదు. ఆకారం చూడాలి.

వాతావరణ శాఖ బులెటిన్లలో ‘టీ’ అనే అక్షరం పక్కన 3.5, 4.0 అంటూ ఒక అంకె ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలోని ఆకారాన్ని బట్టి బలాన్ని అంచనా వేసే డ్వోరాక్ పద్ధతి అది. 4.0 అంటే అతి తీవ్ర తుఫాను గడప మీద ఉన్నట్టు. మామూలుగా ఎదిగే తుఫానుకు ఈ అంకె రోజుకు ఒకటి చొప్పున పెరుగుతుంది. రోజులో ఒకటిన్నర, రెండు పెరిగితే వేగంగా బలపడుతున్నట్టే. బులెటిన్‌లో ఆ అంకె కంటే, ముందు బులెటిన్‌తో పోలిస్తే అది ఎంత మారిందో చూడటం మేలు.

మ్యాపులో కోన్ ఆకారంలో కనిపించే దారి గురించి కూడా ఒక అపోహ ఉంది. అది తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే అంచనా మాత్రమే. గాలి ఎంత దూరం వీస్తుందో, ఎంత బలంగా ఉంటుందో అది చెప్పదు. కోన్ బయట ఉన్నామని ధైర్యపడటం పొరపాటు. ఇక యాప్‌లలో రంగురంగుల గాలి బొమ్మలు చూపే ప్రపంచ స్థాయి నమూనాలు భూమిని గళ్లుగా విడగొట్టి లెక్క కడతాయి. వాటిలో మేలైన వాటికి కూడా ఒక గడి దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. కన్ను చుట్టూ బిగుసుకునే 20 కిలోమీటర్ల గోడ ఆ జల్లెడలో సరిగా చిక్కదు. పైగా అట్లాంటిక్‌లో హరికేన్ కడుపులోకి విమానాలు దూరి పీడనం, గాలి నేరుగా కొలిచి వస్తాయి. బంగాళాఖాతంలో క్రమం తప్పకుండా అలా వెళ్లే ఏర్పాటు లేదు. ఒడ్డుకు కొన్ని వందల కిలోమీటర్ల లోపుకు వచ్చాక విశాఖ, గోపాల్‌పూర్ రాడార్లు అందుకుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి ఆ విశాఖ రాడారే దెబ్బతింది.

ఇంకొకటి పోర్టు జెండాల నంబర్లు. కళింగపట్నంలో మూడో నంబరు పోయి పదో నంబరు ఎగరేశారంటే ప్రమాదం పెరిగిన మాట నిజమే. కానీ ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తుఫాను పోర్టుకు ఏ పక్క నుంచి దాటుతుందన్నదే వాటి మధ్య తేడా. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, కాకపోతే అవి మహా ప్రమాదం స్థాయి. ఎనిమిది కంటే తొమ్మిది ఎక్కువ ప్రమాదమని అనుకోనక్కర్లేదు.

కుడి పక్క, ఎడమ పక్క

మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. వాయవ్యానికి కదులుతూ తీరం దాటే తుఫానుకు కుడి పక్కన ఉన్న ఊళ్లలో గాలి సముద్రం మీద నుంచి వీస్తుంది. ఉప్పెన వచ్చేది ఆ పక్కనే. తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు సోంపేట, ఇచ్ఛాపురం కుడి పక్కన, కళింగపట్నం, పూసపాటిరేగ తీరం ఎడమ పక్కన పడ్డాయి.

ఇంటర్నెట్ పోయి, కరెంటు పోయిన రాత్రి కూడా ఈ ఒక్క సూత్రం ఉపయోగపడుతుంది. కొబ్బరి మట్టలు మొదట ఈశాన్యం గాలికి ఊగి, తర్వాత తూర్పుకు, ఆ తర్వాత ఆగ్నేయానికి తిరుగుతుంటే కేంద్రం దక్షిణంగా వెళ్తోందని, మనం కుడి పక్కన ఉన్నామని అర్థం. గాలి ఉత్తరానికి, తర్వాత పడమరకు తిరిగితే ఎడమ పక్కన ఉన్నట్టు. గాలి దిక్కు మారకుండా అదే పనిగా పెరిగి, ఉన్నట్టుండి ఆగిపోతే కన్ను నెత్తి మీదికి వచ్చినట్టు. అప్పుడు బయటికి రాకూడదు. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో మళ్లీ కొడుతుంది. ఒక వైపు ఒరిగి బలహీనపడిన చెట్లు, రేకులు రెండో వైపు గాలికి పడిపోతాయి.

రెండు సముద్రాల మీద చూపు

గత నాలుగు దశాబ్దాల్లో పెద్ద కేటగిరీ తుఫాన్ల వాటా, వేగంగా బలపడే ఘటనలు ప్రపంచవ్యాప్తంగా పెరిగి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఆరో నివేదిక చెప్పింది. సముద్రం దాచుకునే వేడి పెరుగుతున్నప్పుడు ఇది ఊహించదగ్గదే. తుఫాన్ల సంఖ్య పెరుగుతుందని దీనర్థం కాదు. వచ్చిన వాటిలో గబుక్కున ముదిరేవి ఎక్కువవుతాయి.

శ్రీకాకుళం మత్స్యకారుల కుటుంబాలకు ఈ లెక్క ఒక్క బంగాళాఖాతంతో తీరేది కాదు. ఇక్కడి గంగపుత్రులు వేలమంది ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళ్లి అక్కడి బోట్లలో వేట చేస్తారు. 2021 మే నెలలో అరేబియా సముద్రంలో తౌక్తే తుఫాను ఇలాగే వేగంగా బలపడి, 17 రాత్రి అదే సౌరాష్ట్ర తీరాన్ని తాకింది. ఎచ్చెర్ల, శ్రీకూర్మం తీర గ్రామాల్లో అందుకే తుఫాను కబురు వస్తే ముందు అడిగేది ‘ఎన్ని కిలోమీటర్ల గాలి’ అని కాదు. ‘ఏ సముద్రంలో, ఎన్నాళ్లకు ఒడ్డుకొస్తుంది, బోట్లు ఎక్కడున్నాయి’ అని అడుగుతారు.